గోడెక్కిన నేల

టైలరమ్మ సంచి సర్దుకుంటోంది.

ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఎవరూ ఆవిడ గది గుమ్మం దాటి లోపలికి వెళ్ళడం లేదు. వెళ్తే ఏదో ఒకటి అనాలి. ఏమనాలో ఎవరికీ తోచడం లేదు.

వంటింట్లో ఆవిడ కూతురు పాలు పొయ్యి మీద పెట్టి, కిటికీ వంక చూస్తూ నిలబడింది. పాలు పొంగి పొయ్యంతా పారాక గాని ఆమె ఈ లోకంలోకి రాలేదు. భర్త గుడ్డ తెచ్చి తుడవబోతే చేతిలోంచి లాక్కుంది.

"పాలు తుడవడం తేలికే. నిన్న మీ అమ్మ అన్న మాట ఎవరు తుడుస్తారు?"

లిఫ్టులు బాగుచేయడం అతని ఉద్యోగం. పైనుంచి ఒకరూ కిందనుంచి ఒకరూ ఒకేసారి మీట నొక్కితే లిఫ్టు ముందు ఎటు కదలాలో అతనికి తెలుసు. తల్లికీ అత్తగారికీ మధ్య తను ముందు ఎటు కదలాలో మాత్రం ఇన్నాళ్ళైనా అంతుపట్టలేదు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఇంట్లో అడుగుపెడితే అతని పని అదే.

అసలు గొడవ చెక్కల దగ్గర మొదలైంది.

టైలరమ్మ కూతురు పనిచేసేది ఇళ్ళలో నేలకి పరిచే చెక్క పలకలు అమ్మే దుకాణంలో. ఫలానా రంగు పలకలు ఇక రావని, మిగిలిపోయిన కట్టలు యజమాని పనివాళ్ళకి పంచిపెట్టాడు. ఆమె వంతుకి వచ్చినవి ఏ గది నేలకీ చాలవు. ఒక గోడకైతే సరిపోతాయి. ఈ మధ్య చాలామంది నేల పలకల్ని అందానికి గోడలకి పెట్టించుకుంటున్నారు కూడా. తన తల్లీ, అత్తగారూ పడుకునే గదిలో, అత్తగారి మంచం పక్క గోడకి పెట్టించాలనుకుంది. నిన్న వడ్రంగి వచ్చి గోడకి నిలువుగా బద్దలు బిగించి, పలకలన్నీ కొలతకి కోసి, మోకాలెత్తు దాకా కొట్టాడు. అంతలో అత్తగారు బజారు నుంచి వచ్చింది.

అత్తగారు ఉద్యోగమంతా సిటీ బస్సులో కండక్టరుగా చేసింది. ఉద్యోగం అయిపోయినా పేరు మిగిలింది; వీధిలో అందరికీ ఆవిడ కండక్టరమ్మే. ఆవిడ రహస్యం చెప్పినా పక్క వాటాలో వినిపిస్తుంది. గోడని చూసి, కాళ్ళ కింద తొక్కేవాటిని తల పక్కన పెట్టుకుని పడుకోమంటారా అని అడిగింది. వడ్రంగి నవ్వి, ఇప్పుడు అందరిళ్ళలోనూ ఇదే అన్నాడు. ఆ నవ్వు ఆవిడకి కారం రాసినట్టయింది. టైలరమ్మ మెల్లగా, నేనే పెట్టమన్నాను వదినగారూ అంది.

కండక్టరమ్మకి నోరు జారింది అప్పుడే.

"ఎవరింట్లో ఉంటూ ఎవరు గోడలు మారుస్తున్నారు?"

సరిగ్గా సుత్తి చప్పుడు ఆగిన క్షణంలో అన్నది కాబట్టి, ఆ మాట ఇంట్లో ప్రతి మూలకీ వెళ్ళి కూర్చుంది. వడ్రంగి, మీరూ మీరూ తేల్చుకుని కబురు పెట్టండని తన సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. రాత్రి నలుగురూ తలో మూలా కూర్చుని అన్నం తిన్నామనిపించారు.

తెల్లవారగానే టైలరమ్మ ఒకరికి ఫోను చేసింది. ఊరి చివర ఆడపిల్లల హాస్టలు ఒకటుంది. పిల్లలకి బట్టలు కుట్టి, కుట్టు నేర్పే మనిషి కావాలని, ఉండడానికి గది కూడా ఇస్తామని వాళ్ళు ఎప్పటి నుంచో అడుగుతున్నారు. ఆవిడ ఇన్నాళ్ళూ చూద్దాం అంటూ వచ్చింది. ఈవేళ వస్తానంది. మధ్యాహ్నం దాటాక వ్యాను పంపుతామన్నారు.

కూతురు ఉండబట్టలేక గదిలోకి వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది. నువ్వు వెళ్ళిపోతే నేనీ ఇంట్లో ఎలా తలెత్తుకు తిరుగుతాననుకున్నావని అడిగింది. టైలరమ్మ మడతపెడుతున్న చీర పక్కన పెట్టి కూతురి జుట్టు సరిచేసింది. ఎప్పటిలాగే తిరుగు అంది. సముద్రాలు దాటుతున్నానా, రెండు బస్సులు మారితే వస్తాను అంది. పనికి ఆలస్యమవుతుంది, లే అంది.

కూతురు లేచింది. రోజూ వెళ్ళేటప్పుడు "వస్తాను అత్తయ్యా" అని వరండాలోకి వినబడేలా చెప్పి వెళ్ళడం ఆమెకు అలవాటు. ఈవేళ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

వరండాలో కూర్చున్న కండక్టరమ్మ, ఆ రాని మాట కోసం మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగేదాకా ఎదురుచూసింది.

కొడుకు బయల్దేరుతూ తల్లి ముందు ఆగాడు.

"అమ్మా, ఒక్క మాట అను. చాలు."

"ఏమనాలి?"

"నీకు తెలుసు."

"తెలిసినవన్నీ నోటికొస్తాయిరా?"

అతనూ వెళ్ళిపోయాడు.

ఇంట్లో వియ్యపురాళ్ళిద్దరే మిగిలారు.

కండక్టరమ్మ కాసేపు కూర్చుంది. లేచి మొక్కలకి నీళ్ళు పోసింది. అవి పొద్దున ఒకసారి పోసినవే. గదిలోంచి ఏ చప్పుడూ రావడం లేదు. కుట్టు మిషను మోతకి తలనొప్పి వస్తోందని ఈ ఇంట్లో ఎన్నోసార్లు విసుక్కున్న మనిషి, ఆ నిశ్శబ్దాన్ని భరించలేక లోపలికి వెళ్ళింది.

టైలరమ్మ తన మంచం మీద, పక్కన సంచి పెట్టుకుని కూర్చుంది. చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. ఆ చేతులు ఖాళీగా ఉండగా కండక్టరమ్మ ఎప్పుడూ చూడలేదు. తను నడిపే కుట్టు దుకాణం ఉన్న భవనాన్ని కూల్చేశాక టైలరమ్మ కూతురి దగ్గరికి వచ్చింది. వచ్చిన రోజు కూడా, ఇంకా మంచినీళ్ళు తాగకుండానే, తలుపు తెర అంచు ఊడిందని సూది అడిగింది.

కండక్టరమ్మ కొడుకు పనిముట్ల పెట్టె లాగి స్క్రూడ్రైవరు తీసింది. గోడ దగ్గర చతికిలబడి, ఒక పలక కింద మొన దూర్చి ఎత్తబోయింది. చెక్కలే లేకపోతే చెక్కల గొడవే ఉండదు కదా అని ఆవిడ లెక్క. పలక కిర్రుమంది గాని రాలేదు. ఇంకాస్త బలం పెట్టింది.

"మధ్యలోంచి రాదు వదినగారూ," అంది టైలరమ్మ. "ఒకదాని అంచు ఇంకోదాని గాడిలో దూరి ఉంటుంది. ఆఖర్న పెట్టింది ముందు తీయాలి."

కండక్టరమ్మ వెనక్కి తిరగలేదు. "ఇవి తీసేస్తే ఉంటారా?"

"తీయకండి. అవి నాకోసం పెట్టించినవి కాదు."

"మరెవరికోసం?"

టైలరమ్మ సంచి మూతి ముడి ఒకసారి సరిచేసింది.

"మీరు నిద్రలో గోడకి వీపు ఆనించి ముడుచుకుంటారు. అది బయటి గోడ, రాత్రికి చల్లబడుతుంది. ఆ చలి వీపుకెక్కి మూలుగుతారు. మొదట్లో మెలకువగా ఉన్నారేమోనని పలకరించాను కూడా. నిద్రలోనే అని తర్వాత తెలిసింది. లేచి మీకూ గోడకీ మధ్య నా దుప్పటి దూర్చేదాన్ని. తెల్లారేసరికి అది మంచం కింద ఉండేది. అందుకే, ఈ చెక్కల మాట రాగానే ఆ గోడకి పెట్టమని అమ్మాయికి చెప్పాను."

కండక్టరమ్మ చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉంది.

రోజూ పొద్దున్నే మంచం కింద దొరికే ఆ దుప్పటి ఆవిడకు బాగా గుర్తుంది. "మీ సామాను నా వైపు తోసేస్తున్నారని మా అబ్బాయికి చెప్పాను," అంది.

"తెలుసు. అల్లుడుగారు వచ్చి, అత్తయ్యా, మీకు ఇంకో బీరువా కొననా అని అడిగారు."

ఇద్దరూ నవ్వలేదు. కానీ నవ్వు ఆ గదిలోకి వచ్చి గుమ్మం దగ్గర నిలబడినట్టయింది.

"చెప్పొచ్చుగా," అంది కండక్టరమ్మ.

"చెబితే ఒప్పుకునేవారా?"

"ఒప్పుకునేదాన్ని కాదు."

ఆవిడ లేచి తన మంచం మీద కూర్చుంది. భర్త పోయాక ఎన్నో ఏళ్ళు ఆ గదిలో ఒక్కతే పడుకుంది. మూలిగినా, కలవరించినా, నువ్విలా చేశావని పొద్దున చెప్పేవాళ్ళు లేరు. రోజంతా ఒకరి మీద ఒకరు పడే జనం మధ్య నిలబడి, ఇంటికొచ్చి ఖాళీ గదిలో పడుకోవడం మొదట్లో హాయిగానే ఉండేది. తర్వాత అది హాయో కాదో చూసుకోవడం మానేసింది.

"నిన్న నేనన్న మాట..." అంది.

"విన్నాను."

"నా సర్వీసులో ఒకసారి చించిచ్చిన టికెట్టు ఎప్పుడూ వెనక్కి తీసుకోలేదు. ఎంత పోట్లాడినా తీసుకోలేదు. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను."

టైలరమ్మ తల ఊపింది. కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. తీసుకున్నారు, అంతే చాలు అంది. అని సంచి మీద చెయ్యి వేసింది. కండక్టరమ్మ ఆ చెయ్యి చూసింది.

"అయినా వెళ్తారా?"

"మాటకి నొచ్చుకున్నాను, అబద్ధం ఎందుకు. కానీ ఒక్క మాట కోసమే వెళ్ళడం లేదు వదినగారూ. ఈ ఇంట్లో కుట్టడానికి ఇంకేం మిగల్లేదు. తెరలయ్యాయి, దిండు గలీబులయ్యాయి. మొన్న అల్లుడుగారి చొక్కా, శుభ్రంగా ఉన్న చొక్కా, గుండీలన్నీ కోసేసి మళ్ళీ కుట్టాను. ఎవరైనా చూస్తే పిచ్చనుకుంటారు. నా చేతులు నా మాట వినడం లేదు."

అది విన్నాక కండక్టరమ్మ, ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పింది. ఉద్యోగం అయిపోయాక చాలాకాలం, తన డ్యూటీ వేళకి వెళ్ళి బస్టాపులో నిలబడేదట. ఇంట్లో నడకకి అని చెప్పేదట. ఎక్కేది కాదట. బస్సు వచ్చి, జనం ఎక్కి, బస్సు వెళ్ళిపోతే, తనూ ఇంటికి వచ్చేసేదట.

టైలరమ్మ వింది. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. అలా చెప్పనందుకు కండక్టరమ్మకి ఆవిడ మీద ఇష్టం కలిగింది.

"వ్యాను మధ్యాహ్నం కదా," అంది కండక్టరమ్మ, మూల పేర్చి ఉన్న పలకల వైపు చూస్తూ. "అందాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారా?"

టైలరమ్మ చీర కొంగు నడుముకి దోపింది.

ముందు పలకలన్నీ నేల మీద పరిచింది. కొన్ని తేనె రంగు, కొన్ని కాస్త నలుపు తిరిగినవి. ఒకే రంగువి పక్కపక్కన పడితే మాసిక వేసినట్టుంటుందని, ఒకటి తీసి అక్కడ, ఒకటి తీసి ఇక్కడ మార్చింది. అతుకు మీద అతుకు రాకూడదంది. కండక్టరమ్మ, గోడకి కొట్టే చెక్కకి కూడా పెళ్ళిచూపులా అంది గాని, చెప్పిన పలకే అందించింది.

కొడుకు పెట్టెలోంచే సుత్తీ మేకులూ రసమట్టమూ తీసి, మేకు కొట్టడం కండక్టరమ్మ పుచ్చుకుంది. మొదటి మేకు వంకరపోయింది. రెండోది వేలి మీద పడింది. మూడో దానికి చెయ్యి కుదిరింది. పలక పై అంచులో ఏటవాలుగా మేకు దిగితే, దాని మీద కూర్చునే పలక ఆ తలని కప్పేస్తుంది. బయటికి ఒక్క మేకూ కనబడదు. టైలరమ్మ మేకులన్నీ పెదాల మధ్య పట్టుకుని ఒక్కొక్కటే తీసి ఇస్తోంది.

"మింగుతారు, తీయండి."

ఇన్నేళ్ళు గుండుసూదులు పట్టుకున్న నోరు ఇది, ఒక్కటీ మింగలేదని టైలరమ్మ మేకుల సందునుంచే చెప్పింది.

వరస పెట్టినప్పుడల్లా రసమట్టం ఆనించి చూసేవాళ్ళు. గాజు గొట్టంలో బుడగ మధ్యలో ఉంటే వరస సరిగ్గా ఉన్నట్టు.

"మధ్యలో ఉందా?" అంది కండక్టరమ్మ.

"కాస్త మీ వైపు జరిగింది."

"పోనీలెండి, ఇంట్లో అదైనా నా వైపుంది."

ఈసారి నవ్వు లోపలికే వచ్చింది. టైలరమ్మకి నోట్లోంచి మేకులు రాలాయి. ఇద్దరూ మంచాల కింద చేతులు పెట్టి వెతుక్కున్నారు.

పని మధ్యలో చాలా మాట్లాడుకున్నారు. ఇన్ని నెలలు ఒకే గదిలో పడుకుని కూడా ఒకరి గురించి ఒకరు అడగనివన్నీ అడిగారు. దుకాణంలో మొదట కుట్టిన జాకెట్టు చెయ్యి తిరగేసి కుట్టిన సంగతి, బస్సులో పుట్టిన పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రి దాకా వెళ్ళిన సంగతి. అన్నం కూడా గోడ ముందే కూర్చుని తిన్నారు. గోడ నడుమెత్తు దాటింది, భుజం దాటింది. ఇక ముక్కాలి పీట ఎక్కితే గాని అందని ఎత్తుకి వచ్చింది.

కండక్టరమ్మ అలసిపోయి మంచం మీద కూర్చుని వెనక్కి వాలింది. వీపు చెక్కకి ఆనింది. చలి తగలలేదు. ఆవిడ ఏమీ అనలేదు. పక్క మంచం మీంచి టైలరమ్మ చూసింది. చూసి, చీర మీద పడిన చెక్కపొట్టు దులుపుకుంటూ తల తిప్పుకుంది.

అప్పుడే వీధిలో హారను మోగింది.

డ్రైవరు కిందనుంచి, కుట్టు టీచరమ్మగారు ఇక్కడేనా అని కేక వేశాడు. టైలరమ్మ మొహం కడుక్కుని, కొప్పు ముడుచుకుని, సంచి పట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఉండమంటారా వదినగారూ?" అంది నవ్వుతూ.

కండక్టరమ్మకి మాట గొంతు దాకా వచ్చింది. పొద్దున కొడుకు అనమన్న ఒక్క మాట బహుశా అదే.

"అనను వదినా," అంది. ఎప్పుడూ ఉండే 'గారు' ఆ పూట లేదు. "అంటే మీరు ఉండిపోతారు."

సంచి తనే అందుకుంది. మెట్లు దిగి, వ్యానులో పెట్టి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టింది. డ్రైవరుకి గుంతల్లో మెల్లగా పొమ్మని చెప్పింది. ఆదివారం రండి, మీరొచ్చేదాకా పై వరసలు ముట్టుకోను అంది. టైలరమ్మ సరేనని, కూతురికి మీరే చెప్పండి అని అడిగింది. తను ఫోను చేస్తే అది ఏడుస్తుందని, అది ఏడిస్తే తను మధ్యలోనే దిగిపోతానని చెప్పింది.

వ్యాను మలుపు తిరిగేదాకా కండక్టరమ్మ వీధిలోనే నిలబడింది.

సాయంత్రం కోడలు వచ్చింది. నేరుగా గదిలోకి వెళ్ళింది. తల్లి మంచం ఖాళీగా ఉంది. ఎదురుగా గోడ తేనె రంగులో మెరుస్తోంది, పైన కొంచెం తప్ప దాదాపు పూర్తయింది. ఆమె మంచాన్నీ గోడనీ మార్చి మార్చి చూసింది.

"అమ్మని మీరే పంపేశారా అత్తయ్యా?"

"నేనే ఎక్కించాను. సంచి కూడా నేనే మోశాను," అంది కండక్టరమ్మ. అది కోడలికి ఎలా వినబడుతుందో అన్నాక గాని తెలియలేదు.

"పంపేసి, గోడ పూర్తి చేయించుకున్నారన్నమాట."

కండక్టరమ్మ జరిగిందంతా చెప్పుకొచ్చింది. బస్సు ఈ చివరి నుంచి ఆ చివరికి వినిపించే గొంతు, కోడలి ముందు సగం సగం మాటలుగా వచ్చింది. దుప్పటి సంగతి చెప్పింది. ఇద్దరూ కలిసి మేకులు కొట్టిన సంగతి చెప్పింది. కోపంతో కాదమ్మా, పని కోసం వెళ్ళింది, ఆదివారం వస్తుంది అంది.

కోడలు మంచం అంచున కూర్చుంది. గొంతులో వేడి తగ్గింది. కానీ మొహం తేలికపడలేదు.

"మా అమ్మ కోపంతో వెళ్తున్నానని ఎప్పుడంది గనక? నాన్నతో గొడవపడి ఇల్లు వదిలినప్పుడూ పని ఉందనే చెప్పింది. దుకాణం పోయినప్పుడూ, పోనీలే, కళ్ళు మసకేస్తున్నాయి అంది. బాధేస్తే బాధేసిందని మా అమ్మ ఒక్కసారీ చెప్పలేదు అత్తయ్యా."

కండక్టరమ్మ గోడకి వాలి ఉన్నదల్లా ముందుకి జరిగింది.

"వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి నన్నడిగింది. ఉండమంటారా అని. నవ్వుతూ అడిగింది. నేను అనను అన్నాను."

కోడలు తలెత్తింది.

"నువ్వు చెప్పు," అంది కండక్టరమ్మ. "నాకు ఇవాళే తెలిసిన మనిషి ఆవిడ. నీకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఊరికే అడిగిందా? ఉండమంటాననే అడిగిందా?"

కోడలు చెప్పబోయింది. నోటి దాకా వచ్చిన జవాబు అక్కడే ఆగిపోయింది. తల్లి నవ్వులో ఏది నవ్వో ఏది కాదో తనూ ఎన్నడూ అడిగి చూడలేదని ఆమెకి ఆ క్షణంలోనే తెలిసింది.